గుడి లేని పిల్లి

ఒక దేశం నాగరికతలో ఎంత దూరం వెళ్ళిందో తెలుసుకోవడానికి వంతెనలూ విమానాలూ లెక్కపెట్టక్కర్లేదు. ఊరెళ్ళే మనిషి తన కుక్కని ఎవరి దగ్గర వదిలాడో, ఆ కుక్క అక్కడ ఏం తిన్నదో, తిన్నాక ఏ పక్కకి తిరిగి పడుకున్నదో సర్కారువారికి తెలిస్తే చాలు, నాగరికత వచ్చేసినట్టే. మనకి వచ్చేసింది. (కుక్కగారి యజమాని తిన్నాడా లేదా అన్నది వేరే శాఖ చూడాలి. ఆ శాఖ ఇంకా పెట్టలేదు.)

ఈ మహత్కార్యం కోసమే పెంపుడు ప్రాణుల తాత్కాలిక సంరక్షణ మండలి వెలిసింది. మండలికో యాప్, దాని పేరు మూగనేస్తం. అందులో నమోదు కాకుండా పక్కింటివాళ్ళ చేపలకి చిటికెడు మేత వేసినా తప్పే. కుక్కలక్క ఆ తప్పు చెయ్యలేదు. కాయితాల మీద ఆవిడ 'తాత్కాలిక సంరక్షకురాలు, రెండో శ్రేణి, కరిచేవీ కరవనివీ'. వీధిలో మాత్రం కుక్కలక్కే. ఊరెళ్ళేవాళ్ళు తమ జంతువుల్ని ఆవిడ ఇంట్లో దించి వెళ్తారు, తిరిగొచ్చాక తీసుకుపోతారు. ఈలోపు వాటి తిండీ, నిద్రా, అలకలూ అన్నీ ఆవిడ నెత్తినే.

ఈ కథ నాటికి ఆ ఇంట్లో నాలుగు ప్రాణులున్నాయి (మనుషుల్ని మండలి ప్రాణుల కింద లెక్కవెయ్యదు). ఒకటి బ్యాంకు మేనేజరుగారి ముసలి కుక్క. దాన్ని అందరూ పెద్దాయన అంటారు. ఎదురుగా ఎవరో ఒకరు కూర్చుని తింటే తప్ప పెద్దాయన ముద్ద ముట్టడు. అందుకని కుక్కలక్క రోజూ పొద్దున్నే వంటింటి గడపలో చతికిలబడి, ఆకలున్నా లేకపోయినా, ఆయనకి తోడుగా ఒక రొట్టెముక్క నములుతుంది. వకీలుగారి చిలక ఉంది. ఎవరేమన్నా మెడ పక్కకి తిప్పి "అబ్జెక్షన్!" అంటుంది. ఫొటో స్టూడియో ఆయన తాబేలుంది. దాని గురించి చెప్పుకోడానికి ఏమీ లేదు, ఉన్నా అది చెప్పనివ్వదు. పళ్ళ డాక్టరమ్మ పిల్లి ఉంది, పేరు దొరసాని. పేరు పెట్టాక అలా తయారైందో, అలా ఉండబట్టే ఆ పేరు పెట్టారో గానీ, ఇంట్లో కుర్చీలన్నీ దానివే. దానికి అక్కర్లేనప్పుడు మనుషులు కూర్చోవచ్చు.

సాయంత్రమయ్యేసరికి ఒక్కో జంతువు గురించీ యాప్‌లో మూడు ముక్కలు రాయాలి. తిన్నదా? పడుకున్నదా? అరిచిందా? ఈ మూడోదే ముఖ్యం. మండలి అధ్యక్షులవారు నిబంధనల పుస్తకానికి రాసిన ముందుమాటలో స్వయంగా సెలవిచ్చారు: 'ఆరోగ్యంగా ఉన్న ప్రాణి అరుచును. అరవడం మానిన ప్రాణి ఆపదలో ఉన్నట్లు భావించి తక్షణం డాక్టరును పంపవలెను.' కాబట్టి 'అరవలేదు' అని రాయడం ఆలస్యం, పశువుల డాక్టరు స్కూటరేసుకుని వచ్చి వాలతాడు. తాబేలు పుట్టి బుద్ధెరిగి అరిచింది లేదు గనక దాని కోసం రోజూ వస్తాడు. టీ తాగుతాడు. తాబేలు పక్కన గొంతుక్కూర్చుని "ఏరా నాయనా, ఏమైంది? నాతో చెప్పు" అంటాడు. అది తల లోపలికి లాక్కుంటుంది. 'మార్పు లేదు' అని రాసుకుని వెళ్ళిపోతాడు. మంచివాడు, పాపం.

మండలి పెట్టిన రూల్సన్నిటిలో కుక్కలక్కకి మనసుకి నచ్చింది ఇదొక్కటే. జంతువులు ఇల్లు పీకి పందిరేస్తున్నా ఆవిడ చలించదు. ఏదైనా ఒకటి నోరు మూసుకుని మూల చేరిందా, చేతిలో గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళి దాని పక్కన కూర్చుంటుంది. అప్పుడు ఆవిడకి నిజంగా భయం వేస్తుంది.

ఆ భయం కూతురి విషయంలో మాత్రం ఎప్పుడూ కలగలేదు. ఆ పిల్లకి ఆరేళ్ళు. నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా ప్రశ్నలే, అందుకే అమ్మమ్మ దానికి 'ఎందుకమ్మ' అని పేరు పెట్టింది.

"అమ్మా, తాబేలు ఇల్లు వీపు మీదే మోస్తుంది కదా. మరి ఇప్పుడది ఊరెళ్ళినట్టా, ఇంట్లో ఉన్నట్టా?"

"రెండూనేమో."

"మరి ఇంట్లోనే ఉంటే మనకెందుకిచ్చారు?"

"నాకు తెలీదే తల్లీ."

"ఎందుకు తెలీదు?"

"ఒసేయ్, దాని నోట్లో ఏదన్నా పెట్టవే!" అని అమ్మమ్మ లోపల్నించి కేకేస్తుంది. "అబ్జెక్షన్!" అంటుంది చిలక. ఇలా ఆ ఇల్లు మూడు పువ్వులూ ఆరు కాయలుగా, చెవులు చిల్లులు పడేలా నడుస్తోంది. ఎందుకమ్మ ఈ ఏడే బడిలో చేరాలి. దరఖాస్తు పెట్టారు, సంచీ కొన్నారు. పిల్ల ఆ సంచీని పక్కలో వేసుకుని పడుకుంటోంది.

అప్పుడొచ్చింది గుడి సంగతి.

దొరసానిని దించడానికి పళ్ళ డాక్టరమ్మ వచ్చిన రోజున కుక్కలక్క ఫోను మీద పెద్దాయన కూర్చున్నాడు. అద్దం పగిలింది. పగులు సరిగ్గా గుడి ఉన్న మీట మీదుగా పోయింది. దాన్ని నొక్కితే ఒకసారి పడుతుంది, ఒకసారి పడదు. డాక్టరమ్మకి బండి టైమైపోతోంది. కుక్కలక్క గబగబా 'పిల్లి' అని కొట్టింది. 'పి'కి గుడి పడింది. చివర 'ల్ల'కి పడలేదు. చూసుకోకుండా 'సరే' నొక్కింది.

'పిల్ల. ఆడ. ఆరేళ్ళు. పేరు దొరసాని. రంగు తెలుపు, అక్కడక్కడ నలుపు. ఇష్టాలు: చేప, నిద్ర, కిటికీ. అయిష్టాలు: స్నానం, కొత్తవాళ్ళు.'

ఇందులో ఆరేళ్ళ ఆడపిల్లకి వర్తించని ముక్క ఒక్కటుంటే చూపించండి. (రంగు విషయం చర్మవ్యాధుల విభాగానికి రాశారని తర్వాత తెలిసింది.) శాఖలన్నిటినీ ఒకే తాడుకి కట్టిన రోజులివి. మూగనేస్తంలో పడిన పిల్ల ఆ సాయంత్రానికే జనాభా లెక్కల్లోకీ, అక్కణ్నించి బడి సీట్లలోకీ నడిచి వెళ్ళిపోయింది. మర్నాడు ఫోనుకి రెండు సందేశాలొచ్చాయి.

మొదటిది: 'అభినందనలు! మీ చిరునామాలో నివసించు బాలిక దొరసానికి మీ పేట బడిలో సీటు కేటాయించడమైనది.'

రెండోది: 'అదే చిరునామా నుండి అదే వయసు గల మరొక బాలిక పేర వచ్చిన దరఖాస్తును నకలుగా గుర్తించి తిరస్కరించడమైనది.'

"నకలంటే ఏంటమ్మా?" అంది ఎందుకమ్మ.

"ఏం లేదమ్మా. అచ్చుతప్పు."

"నేనా?"

ఆ పేటకి ఉన్నది ఆ ఒక్క బడే. కుక్కలక్క ఫోను పట్టుకుని సవరణల ఆఫీసుకి పరిగెత్తింది. అక్కడ వరసలో ముందున్నవాళ్ళందరూ సవరణల్లో వచ్చిన తప్పుల్ని సవరించుకోడానికొచ్చినవాళ్ళు. చివరికి గుమాస్తా తల ఎత్తకుండానే అడిగాడు.

"సమస్యేంటి? రెండు మాటల్లో."

"గుడి పోయిందండీ" అంది కుక్కలక్క. సరిగ్గా రెండు మాటలు.

గుమాస్తా అలాగే రాసుకుని, అలాగే పంపాల్సిన చోటికి పంపించాడు. ఆ వారంలోనే ప్రార్థనా స్థలాల శాఖ నుంచి ఒక అధికారి టేపు పట్టుకుని ఇంటికొచ్చాడు.

"గుడి పోయిందని రాశారు. ఎంత ఎత్తుండేది?"

"ఎత్తా? గోరంత ఉంటుందండీ."

"గోరంత గుడా! ఎక్కడుండేది?"

"ల మీద."

"ఆ పేట పేరు పూర్తిగా చెప్పండి."

"పేట కాదండీ బాబూ, అక్షరం! నా గుడి పడలేదు. అందుకే ఇదంతా."

అధికారి రాస్తున్న కలం ఆపాడు. "పోయిందని మీరే రాశారు, పడలేదని మీరే అంటున్నారు. పడకుండా ఎలా పోతుందమ్మా?" అని, ఇంటి చుట్టూ రెండుసార్లు తిరిగి, పెరట్లో అరటిచెట్టు కింద ఖాళీ జాగా కొలుచుకుని వెళ్ళాడు.

ఆయన వీధి మలుపు తిరిగాడో లేదో, ఇద్దరు కొత్తవాళ్ళు తలుపు కొట్టారు. అమ్మమ్మ తీసింది.

"పిల్లని చూడ్డానికొచ్చామండీ" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

అమ్మమ్మ ఒంటికాలి మీద లేచింది. "ఆరేళ్ళ పిల్లకి అప్పుడే సంబంధమేంటయ్యా? నీకసలు బుద్ధీ జ్ఞానం ఉందా? పెద్దమనిషిలా ఉన్నావ్!"

"అబ్జెక్షన్!" అంది చిలక.

"అయ్యో, మేం బాలల సంక్షేమ శాఖండీ. తనిఖీకొచ్చాం. దొరసాని ఎక్కడుంది?"

దొరసాని మంచి కుర్చీలో ఉంది. వచ్చినవాళ్ళలో పెద్దవాడైన ఇన్‌స్పెక్టరు మామూలు కుర్చీలో కూర్చున్నాడు. దొరసానీ ఆయనా కాసేపు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ముందు ఇన్‌స్పెక్టరే కళ్ళు దించుకున్నాడు.

"సార్, అది పిల్లి" అంది కుక్కలక్క. "మీకే కనబడుతోందిగా!"

"కనబడుతోందమ్మా. నాకూ కళ్ళున్నాయి. మా ఇంట్లోనూ ఉంది ఒకటి" అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా. "కానీ కనబడింది రాయడం నా ఉద్యోగం కాదు. రాసున్నది చూసిపోవడం నా ఉద్యోగం." అని చూడ్డం మొదలుపెట్టాడు. పిల్ల రోజంతా నిద్రపోతోందని రాశాడు. నేల మీద పళ్ళెంలో తింటోందని రాశాడు. బట్టలు వేసుకోడానికి ఒప్పుకోవట్లేదని రాసి, కింద గీత గీశాడు.

"మరి మా అమ్మాయి సంగతో?" అని కుక్కలక్క ఎందుకమ్మని ముందుకి తోసింది. "ఇదిగో సార్, ఇదీ అసలు పిల్ల."

ఇన్‌స్పెక్టరు కాయితం తిరగేశాడు. "ఈ అమ్మాయి మా దాంట్లో లేదు."

"ఎందుకు లేను?" అంది ఎందుకమ్మ.

ఆయన కాయితాలు సర్దుకుని లేచాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి ఒక మంచిమాట చెప్పాడు: "సవరణ ఎప్పటికో అవుతుంది, ఈలోపు సీటు జాగ్రత్త. దొరసాని బడికి రాకపోతే సీటు రద్దు. రద్దయితే ఈ చిరునామాకి మళ్ళీ ఇవ్వరు. పంపించండమ్మా. నలుగురితోపాటు దానిక్కూడా నాలుగు ముక్కలొస్తాయి."

అలా దొరసాని బడికి వెళ్ళింది. బుట్టలో వెళ్ళింది. బుట్ట మోసింది ఎందుకమ్మ. కూతురి సీటు కాపాడటానికి కూతురి చేతే పిల్లిని బడికి మోయించాల్సి వచ్చినందుకు కుక్కలక్క ఆ పూట పెద్దాయనకి తోడుగా రొట్టె నమలలేకపోయింది. పెద్దాయన కూడా తినలేదు.

బడిలో హెడ్మాస్టరు హాజరు పుస్తకం చూశాడు, బుట్టలోకి చూశాడు, మళ్ళీ హాజరు పుస్తకాన్నే నమ్మాడు. దొరసానికి మొదటి వరసలో, కిటికీ పక్కన, ఎండ పడే చోటు దొరికింది. ఎందుకమ్మని 'వెంట వచ్చినవారు' అని రాసి వరండాలో కూర్చోబెట్టారు. అక్కణ్నించి ఆ పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని పాఠాలు వింది. లోపల టీచరమ్మ ఏదైనా అడిగితే బయటినించి జవాబొచ్చేది. జవాబు వెనకాలే ప్రశ్నా వచ్చేది.

"టీచర్, సున్నాకి విలువ లేదన్నారు కదా. మరి ఒకటి పక్కన పెడితే పది ఎందుకవుతుంది?"

"వెంట వచ్చినవారు మాట్లాడకూడదు" అనేది టీచరమ్మ. దొరసాని ఆవలించేది.

నెల తిరిగేసరికి ప్రగతి పత్రం ఇచ్చారు. 'దొరసాని. లెక్కలు: ప్రయత్నిస్తోంది. చేతిరాత: గీతలు బలంగా ఉన్నాయి. నడవడి: అద్భుతం. చోటు కదలదు. ఎదురు మాట్లాడదు. ప్రశ్నలు వెయ్యదు. ఇటువంటి విద్యార్థిని మా బడికి గర్వకారణం.' గర్వం అక్కడితో ఆగకుండా, ఆదర్శ విద్యార్థిని అని దొరసాని ఫొటో పటం కట్టించి తరగతి గోడకి తగిలించారు. ఫొటోలో కూడా కళ్ళు మూసుకునే ఉంది.

కుక్కలక్క మాత్రం సవరణల ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతూనే ఉంది. చివరికి దారి చూపించింది ఎవరో కాదు, ప్రార్థనా స్థలాల శాఖ. టేపు పట్టుకొచ్చిన అధికారి రాసిన నివేదిక పైదాకా వెళ్ళి, పైనుంచి ఉత్తర్వైపోయి వచ్చింది: 'గుడి ఉండవలసిన చోట గుడి లేదని విచారణలో తేలినందున, సదరు గుడిని యథాస్థానమున, అనగా ల మీద, పునర్నిర్మించుటకు అనుమతించడమైనది.' ప్రారంభోత్సవానికి అధికారి కొత్త చొక్కా వేసుకొచ్చాడు. సవరణల ఆఫీసు గుమాస్తా ల్ల దగ్గర వేలు పెట్టి చూపించాడు, అధికారి మీట నొక్కాడు, అందరూ చప్పట్లు కొట్టారు. పిల్ల పిల్లి అయింది. నకలు అసలైంది. పళ్ళ డాక్టరమ్మ ఊర్నించి వచ్చి దొరసానిని తీసుకెళ్ళింది. (ప్రగతి పత్రం కూడా ఇచ్చారు. పటం కట్టిస్తానంది.)

ఎందుకమ్మ సంచీ తగిలించుకుని, వరండా దాటి, లోపలికెళ్ళి, ఆ కిటికీ పక్క సీట్లోనే కూర్చుంది. ఆ రోజు కుక్కలక్కకి కాలు నేల మీద నిలవలేదు. పెద్దాయన ఎదురుగా కూర్చుని రెండు రొట్టెలు తినేసింది.

నెలయ్యాక పిల్ల తన మొదటి ప్రగతి పత్రం తెచ్చింది. 'లెక్కలు: బాగా వచ్చు. చదవడం: బాగా వచ్చు. నడవడి: ప్రతిదానికీ ఎందుకు అంటుంది. ఈ సీటులో ఇంతకు ముందు కూర్చున్న విద్యార్థినిని చూసి నేర్చుకోవలెను.'

కుక్కలక్క పకపకా నవ్వింది. అమ్మమ్మ కూడా పొట్ట పట్టుకుని నవ్వింది. "పిల్లిని చూసి నేర్చుకోమన్నారే నిన్ను! ఏం చదువులో ఏమో, నా తల్లీ!" పిల్ల నవ్వలేదు. పత్రం మడిచి సంచీలో పెట్టుకుంది.

తర్వాత ఏం జరిగిందో కుక్కలక్క వెంటనే కనిపెట్టలేకపోయింది. అదే ఆవిడని తర్వాత బాగా బాధపెట్టిన సంగతి. జంతువైతే పూటలో కనిపెట్టేది. ఇల్లు కొంచెం నెమ్మదించిందనుకుంది, అంతే. పొద్దున పిల్ల తినేది, బడికెళ్ళేది, వచ్చి కిటికీ దగ్గర కూర్చునేది. పిల్ల దగ్గర ఇన్నాళ్ళూ విన్నదాన్ని చిలక నేర్చుకుంది. "ఎందుకు? ఎందుకు?" అని పంజరంలోంచి పిలిచేది. పిల్ల తలెత్తేది కాదు. ఒకరోజు తాబేలు గోడకి తల ఆనించి, గోడని నెడుతూ గంటసేపు అక్కడే నడిచింది. ఎందుకమ్మ పక్కనే ఉంది. చూసింది. ఏమీ అడగలేదు.

అప్పుడు కనిపెట్టింది కుక్కలక్క. చేతిలో గిన్నె అక్కడే వదిలేసి వెళ్ళి పక్కన కూర్చుంది.

"అదేం చేస్తోందే?"

"నడుస్తోంది."

"ఎందుకూ?"

పిల్ల భుజాలెగరేసి, ఒళ్ళు ముడుచుకుని, కళ్ళు మూసుకుంది. అచ్చం పటంలో ఉన్నట్టే.

రెండో ప్రగతి పత్రంలో ఇలా ఉంది: 'చక్కటి మార్పు! తింటోంది, కూర్చుంటోంది, మాట్లాడట్లేదు. తల్లిగారికి అభినందనలు.'

కుక్కలక్క తిన్నగా బడికెళ్ళింది. "మా పిల్ల ప్రశ్నలు మానేసిందండీ" అంది.

"చూశారా!" అన్నాడు హెడ్మాస్టరు వెలిగిపోతున్న మొహంతో. "మీకు తెలిసేటంత మార్పొచ్చిందన్నమాట. ఇంకా చిన్న శబ్దాలేవో చేస్తోంది, అవీ పోతాయి. కంగారు పడకండి."

బాలల సంక్షేమ శాఖకి ఫోను చేస్తే, ఫిర్యాదు ఏ రకమో నొక్కమంది. అల్లరి చేస్తోందంటే ఒకటి, ఎదురు చెప్తోందంటే రెండు, చెప్పిన మాట వినట్లేదంటే మూడు. పిల్ల మాట్లాడట్లేదన్నదానికి నంబరు లేదు. పూర్తిగా విని ఏమీ నొక్కకుండా ఊరుకుంటే, 'మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం' అని పెట్టేసింది.

కుక్కలక్క వంటింటి గడపలో కూర్చుంది. ఎదురుగా పెద్దాయన. పక్క గదిలో కిటికీ దగ్గర కూతురు. ఆవిడకి ఏడుపొచ్చింది, కాసేపు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని ఫోను తీసి మూగనేస్తం తెరిచింది. అద్దం ఈమధ్యే మార్పించింది. గుడి ఉన్న మీట ఇప్పుడు నొక్కినప్పుడల్లా పడుతోంది.

'పిల్ల' అని కొట్టింది. ఒక్క క్షణం ఆగింది. చివర గుడి పెట్టింది.

'పిల్లి. ఆడ. ఆరేళ్ళు. తిన్నది. పడుకున్నది. అరవలేదు.'

వేలు తీసేలోపే ఫోను ఎర్రగా వెలిగింది.

'అరవడం మానేసిందా? ఇది చాలా ప్రమాదకరమైన లక్షణం. దాన్ని ఒంటరిగా వదలకండి. డాక్టరు బయల్దేరారు.'